కొమ్ముకు కట్టిన ఎర్ర గుడ్డ

మీలో చాలామందికి ఉద్యోగం పరీక్ష రాస్తే వచ్చింది. కొందరికి తెలిసినవాళ్ళ వల్ల వచ్చింది, ఆ సంగతి వాళ్ళు బయటికి చెప్పరు. నాకు మాత్రం కాళ్ళ వల్ల వచ్చింది. చక్కెర ఫ్యాక్టరీలో హాజరు రాసే టైం ఆఫీసులో రిటైరయ్యేదాకా కుర్చీలో కూర్చునే పని చేశాను కానీ, ఆ కుర్చీని సంపాదించింది పరుగెత్తి. ఈ మాట అంటే మా మనవడు నమ్మడు. ఇప్పటి నా నడక చూసినవాళ్ళెవరూ నమ్మరు.

మొన్నొక సాయంత్రం వాడు టీవీలో మంచు దేశాల ఆటలు పెట్టాడు. నార్వే దేశపు మనిషట, కాళ్ళకు పొడుగాటి చెక్కలు కట్టుకుని, రెండు చేతుల్లో రెండు కర్రలు పట్టుకుని అడవిలో మంచు మీద కోసుల కొద్దీ పోతున్నాడు. గీత దాటాడో లేదో బోర్లా పడిపోయాడు. ఎవరన్నా తరుముకొచ్చారా అని మా ఆవిడ అడిగింది. మనవడు పడీపడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. పడిపోయినవాడు తల తిప్పి వెనక ఎవరొస్తున్నారో చూస్తున్నాడు. ఆ చూపు నాకు తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను, మీకు విసుగొస్తే మధ్యలో లేచిపోవచ్చు.

ఇందులో ఎవరి పేరూ చెప్పను. బతికున్నవాళ్ళు పోట్లాటకొస్తారు, పోయినవాళ్ళ పిల్లలు ఇంకా గట్టిగా వస్తారు. ఫ్యాక్టరీ బోధన్ వైపు ఉండేదని మాత్రం చెబుతాను. కాలం అరవైల నాటిది.

ఆ రోజుల్లో ఫ్యాక్టరీలో మనుషులు రెండు రకాలు. ఏడాదంతా జీతం ఉన్నవాళ్ళు ఒక రకం, చెరుకు ఉన్నన్నాళ్ళు జీతం ఉన్నవాళ్ళు ఒక రకం. చలి మొదలై క్రషింగ్ షురూ అయితే మమ్మల్ని పిలిచేవారు. ఎండలు ముదిరి చెరుకు అయిపోతే పొమ్మనేవారు. మా పల్లె ఎడపల్లి దగ్గర. మా బాపుకు కాలువ కింద కొద్దిపాటి పొలం ఉండేది, అన్నదమ్ములం ముగ్గురం. ఆ పొలం మా పెద్దన్న సంసారానికే చాలేది కాదు. అప్పటికే నాకొక సంబంధం చూసి ఉన్నారు. పిల్ల తండ్రి మంచివాడే కానీ సీజన్ నౌకరి వాడికి పిల్లనివ్వనని తేల్చి చెప్పాడు. పర్మనెంట్ అయితే రమ్మన్నాడు. ఆయన్ని తప్పు పట్టను. నాకు కూతురుంటే నేనూ అదే అనేవాణ్ణి.

యార్డులో నా పని బండ్లను కాటాకు పిలవడం. చెరుకు బండ్లు రోడ్డు పొడుగునా బారులు తీరి ఉండేవి. ఎవరి వంతు వస్తే వాళ్ళ దగ్గరికి ఉరికి, నిద్రపోతున్న రైతును లేపి, ఎద్దులను కట్టించి కాటా మీదికి పంపాలి. ఆలస్యమైతే లోపల మర ఖాళీగా తిరుగుతుంది, అప్పుడు ఫ్యాక్టరీలో అందరూ అందరినీ తిడతారు. అట్లా రోజంతా ఉరికి ఉరికి నా కాళ్ళు తయారయ్యాయి. ఎవరూ నేర్పలేదు.

హైదరాబాదు నుంచి ఒక వెల్ఫేర్ ఆఫీసరు వచ్చారు. మెడలో ఎప్పుడూ ఈల వేలాడేది. కార్మికులు ఆటలాడితే తాగుడు తగ్గుతుందని ఆయన నమ్మకం. తాగుడు తగ్గలేదు కానీ ఆటలు వచ్చాయి. కబడ్డీ, వాలీబాల్ పెట్టించి, ఆ తర్వాత క్రాస్ కంట్రీ అన్నారు. పొలాలు, కాలువ కట్టలు, బండ్ల బాటల మీదుగా దూరం పరుగు. మేము దాన్ని చేన్ల పరుగు అన్నాం. నేను యార్డులో ఉరుకుతుంటే చూసి నన్ను పట్టుకున్నారు. నాకు జోడీగా ఇంకొక మనిషిని బాయిలర్ దగ్గర పట్టుకున్నారు.

ఆ మనిషిని నేను అన్న అనేవాణ్ణి. సిరికొండ అవతల గుట్టల్లో అడవి పల్లె ఆయనది. నాకంటే బాగా పెద్దవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. రసం పిండాక మిగిలిన పిప్పిని బాయిలర్‌కు ఎత్తే పని. ఆయనా సీజన్ మనిషే. సీజన్ అయిపోతే పెళ్ళాం పిల్లలతో అడవికి పోయి బీడీలకు తునికాకు కోసేవాడు. ఒంటి మీద మాంసం లేదు, నోట్లో మంచి మాట లేదు. నేను ఎట్లా ఉరికినా ఆయనకు నచ్చేది కాదు. ఇంటి వాసన తగిలిన ఎద్దులాగా పోతావనేవాడు. ఆఫీసరు ఇద్దరికీ కాన్వాసు బూట్లు ఇప్పించారు. అన్న వాటిని మెడలో వేసుకుని వచ్చి, ఆఫీసరు కనబడగానే తొడుక్కుని, ఆయన మలుపు తిరగగానే విప్పేసేవాడు.

పని దిగాక కాలువ కట్ట మీద కలిసి ఉరికేవాళ్ళం. నేను మొదట ఎగిరెగిరి పోయి చివర్లో చచ్చేవాణ్ణి. ఆయన మొదట చచ్చినట్టు పోయి చివర్లో లేచేవాడు. నిజామాబాదు టౌనులో జరిగిన పోటీల్లో ఒకసారి నేను ముందు, ఒకసారి ఆయన ముందు. ఇంటికి ఒకే బస్సులో వచ్చేవాళ్ళం. గెలిచినవాడు మిర్చీ బజ్జీలు కొనాలని లెక్క. నేను గెలిచిన రోజు ఆయన ఇంకో పొట్లం కూడా కొనిపించేవాడు, పిల్లలకట. ఇట్లా మూడు సీజన్లు గడిచాయి. బాగా గడిచాయి.

తర్వాతి సీజన్లో రాష్ట్రంలోని ఫ్యాక్టరీల పోటీలు మా దగ్గరే పెట్టారు. కోస్తా జిల్లాల చక్కెర ఫ్యాక్టరీల నుంచి కూడా ఆటగాళ్ళు వచ్చేది ఉంది. అదే సమయానికి టైం ఆఫీసులో అటెండరు ఒకాయన రిటైరయ్యాడు. మా ఆఫీసరు మేనేజరును ఎట్లా ఒప్పించారో తెలియదు కానీ, ఒక రోజు మా ఇద్దరినీ పిలిచి కుర్చీల్లో కూర్చోబెట్టారు. మమ్మల్ని ఆఫీసులో కూర్చోమనడం అదే మొదలు. చేన్ల పరుగులో మొదటి ముగ్గురిలో ఉండి, మా ఇద్దరిలో ఎవరు ముందొస్తే వాళ్ళకు ఆ ఖాళీ అన్నారు. పర్మనెంట్. మాకు హుషారు వస్తుందని అనుకున్నారు పాపం. ఆ రోజు నుంచి మేము కలిసే ఉరికాం, కానీ మాట్లాడుకోలేదు.

పరుగు దారిని ఆఫీసరు, హైస్కూలు డ్రిల్లు మాస్టారు కలిసి గీశారు. ఫ్యాక్టరీ మైదానంలో మొదలై, కాలువ కట్ట ఎక్కి, చెరుకు తోటల మధ్య బాటల్లో తిరిగి, మళ్ళీ మైదానానికి రావాలి. మలుపు మలుపుకు నేల మీద సున్నం వేసి, పక్కన చెరుకు గడలకు ఎర్ర గుడ్డ పేలికలు జెండాలుగా కట్టారు. చెరుకు మనిషిని మించి పెరిగి ఉంది. ఆ బాటల్లో ఉరికితే రెండు గోడల మధ్య పోతున్నట్టే. నేను దారి మొత్తాన్ని చెరుకు గోడలను బట్టే గుర్తు పెట్టుకున్నాను. కాలువ దిగాక పెద్ద తోట, ఆ తోట గోడ అయిపోయిన చోట ఎడమకు తిరగాలి. కళ్ళు మూసుకున్నా పోగలను అనుకున్నాను.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. చక్కెర ఫ్యాక్టరీకి అన్నిటికంటే పెద్ద భయం మర ఆగిపోవడం. ఆ వారం చెరుకు సరిగ్గా రాలేదు. బండ్లు పలచబడ్డాయి. చెరుకు ఆఫీసు వాళ్ళు దగ్గరి తోటలకు వెంటనే కోత పెట్టమని ఆర్డర్లు ఇచ్చారు. చెరుకు ఆఫీసు, వెల్ఫేర్ ఆఫీసు ఒకే గోడకు అటొకటి ఇటొకటి ఉండేవి. పరుగు సంగతి వాళ్ళకు పట్టలేదు, కోత సంగతి వీళ్ళకు తెలియలేదు. పరుగు ముందు రాత్రి వెన్నెల్లోనే మరాఠ్వాడా నుంచి వచ్చిన కోత కూలీలు కొడవళ్ళతో పెద్ద తోటలో దిగారు. పొద్దున ఆ మలుపులో నిలబడడానికి వచ్చిన డ్రిల్లు మాస్టారు అది చూసి, ఆఫీసరుకు చెప్పడానికి సైకిలెక్కి ఫ్యాక్టరీకి పోయాడు. ఆయన ఒక దారిన పోతుంటే మేము ఇంకో దారిన వస్తున్నాం.

ఈల ఊదగానే నా అలవాటు ప్రకారం ఎగిరి ముందుకు పోయాను. కోస్తా నుంచి వచ్చిన ఒక సన్నటి కుర్రవాడు మంచి బూట్లతో నా వెనకే పట్టుకున్నాడు. కాలువ కట్ట మీద వాణ్ణి వదిలించుకున్నాను. కట్ట దిగేటప్పుడు వెనక్కి చూస్తే వాణ్ణి దాటి అన్న వస్తున్నాడు, వట్టి కాళ్ళతో, నోరు మూసుకుని. ఆయన నోరు మూసుకున్నాడంటే ఊపిరి ఇంకా చాలా మిగిలి ఉందని అర్థం. నాకు భయమేసి ఇంకా వేగం పెంచాను.

కాలువ దిగితే పెద్ద తోట లేదు.

ఉన్నదల్లా బోడి నేల, కుప్పలుగా చెరుకు ఆకు, మోపులు కడుతున్న ఆడవాళ్ళు. నేను నమ్ముకున్న గోడ లేదు. సున్నం ఆకు కింద, చక్రాల కింద పోయింది. ఎక్కడ తిరగాలి? పరుగులో ఉన్న మనిషికి నిలబడి ఆలోచించే తీరిక ఉండదు. జెండా కోసం చూశాను. కుడివైపు, కాస్త దూరంలో, ఎర్ర పేలిక కనబడింది. దేవుడున్నాడనుకుని అటు మళ్ళాను.

ఆ పేలిక నేను ఎంత ఉరికినా దగ్గరికి రావడం లేదు. జెండా దూరం జరగడం ఏమిటని అనుమానం రావాల్సింది, రాలేదు. గెలుస్తున్నవాడికి అనుమానాలు రావు. సంగతేమిటంటే, కోతలో దొరికిన ఎర్ర గుడ్డను ఒక బండివాడు ముద్దుగా తన ఎద్దు కొమ్ముకు కట్టుకున్నాడు. ఆ బండి చెరుకుతో రోడ్డు వైపు పోతున్నది, నేను దాని వెంట పోతున్నాను. మోపు కడుతున్న ఒకావిడ నన్ను చూసి మరాఠీలో ఏదో అని పక్కావిడను మోచేత్తో పొడిచింది.

వెనక నుంచి కేక వినబడింది. మొదట లెక్క చేయలేదు. నన్ను భయపెట్టడానికే అనుకున్నాను. రెండోసారి ఇంకా గట్టిగా వినబడింది.

"తమ్మీ, జెండా గాదది, ఎద్దు. తొవ్వ ఇటున్నది."

తిరిగి చూశాను. అన్న మలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. నిలబడి ఉన్నాడని మళ్ళీ చెబుతున్నాను, ఎందుకంటే దూరం పరుగులో నిలబడడమంటే ఏమిటో ఉరికినవాళ్ళకే తెలుసు. ఆగిన కాలు మళ్ళీ మొదటిలాగా అందుకోదు. ఆయన చెయ్యెత్తి అక్కడున్న కాలువ తూమును చూపిస్తున్నాడు. తర్వాత తెలిసింది, ఆయన ఆ దారిని చెరుకును బట్టి గుర్తు పెట్టుకోలేదట. కోసుకుపోయేదాన్ని ఎవడు గుర్తు పెట్టుకుంటాడని తూమును చూసుకున్నాడట. నేను వెనక్కి మళ్ళేదాకా ఆయన అక్కడే ఉన్నాడు. ఈలోగా కోస్తా కుర్రవాడు వచ్చి, ఆయన చెయ్యి ఎటు చూపిస్తే అటు తిరిగి, మా ఇద్దరినీ దాటి పోయాడు.

నేను తిరిగి బాటలో పడేసరికి అన్న మళ్ళీ ఉరుకుతున్నాడు కానీ ఒక కాలు పట్టేసింది. నాకు కోపంగా ఉంది. ఎద్దు మీద, ఆ బండివాడి మీద, ఆఫీసర్లందరి మీద. కోపం ఉరకడానికి పనికొస్తుందని ఆ రోజే తెలిసింది. మైదానం కనబడే వేళకు అన్నను అందుకున్నాను. పక్కపక్కన కొంచెం దూరం పోయాం. ఆయన నా వైపు చూడలేదు. నేను దాటిపోయాను.

కుర్రవాడు మొదట, నేను రెండు, అన్న మూడు.

గీత దాటి పడిపోయి, తల తిప్పి చూస్తే ఆయన కుంటుతూ వస్తున్నాడు.

సాయంత్రానికి ఫ్యాక్టరీ అంతా తెలిసిపోయింది. కోత కూలీలు చూశారు, బండివాళ్ళు చూశారు, ఇక ఆగుతుందా. గేటు ముందు చాయ్ హోటల్లో రెండు పార్టీలయ్యాయి. బాయిలర్ వాళ్ళందరూ నౌకరి అన్నదే అన్నారు. యార్డు వాళ్ళు గీత దగ్గర ఎవరు ముందుంటే వాళ్ళదే అన్నారు. మిగతా జెండాలు చెరుకు మోపులతో పాటు మరలో పడ్డాయని, రేపటి చక్కెర ఎర్రగా వస్తుందని ఒకడు అంటే రెండు పార్టీలూ కలిసి నవ్వాయి. నేను ఆ పక్కకు పోలేదు.

మర్నాడు ఆఫీసరు ఇద్దరినీ పిలిచారు. ఈసారి ఎవరూ కుర్చీలో కూర్చోలేదు. నిజంగా ఆగావా అని అన్నను అడిగారు. ఆగానన్నాడు. ఎందుకని అడిగితే, తొవ్వ తప్పిండు గద సార్ అన్నాడు. ఆఫీసరు మంచి మనిషి, ఇబ్బంది పడ్డారు. మేనేజరుతో మాట్లాడి చూస్తానన్నారు. అన్నకు ఆ మాట నచ్చలేదు.

"గీతకాడ వాడే ముంగట ఉన్నడు సార్. నేను నా కండ్లతోని సూసిన. మల్ల మాట్లాడుడు ఎందుకు."

నాకొద్దు, అన్నకే ఇవ్వండి అని నేను అనవలసిందని తర్వాత చాలామంది చెప్పారు. అట్లా చెప్పినవాళ్ళందరికీ పర్మనెంట్ నౌకర్లు ఉన్నాయి. నాకు ఆ ఉద్యోగం కావాలి. దారి తప్పినా తిరిగొచ్చి, ఊపిరి తెగేలా ఉరికి తెచ్చుకున్నాను. ఇప్పటికీ అదే మాట అంటాను.

బయటికొచ్చాక మాత్రం అడగకుండా ఉండలేకపోయాను. ఎందుకు పిలిచావన్నా, ఊరుకుంటే నీదే కదా అన్నాను. ఆయనకు కోపమొచ్చింది.

"నువ్వు తొవ్వ తప్పినంక నేను ముంగటొస్తె ఏమంటరు? వాడు తొవ్వ తప్పిండంటరు. నేను గెల్సిన అంటరా?" అని, నాలుగడుగులు వేసి, "నిన్ను పిల్సిన గని, మల్ల నన్ను దాటి పోతవని అనుకోలె" అన్నాడు.

ఈ రెండో మాట ఆయన చెప్పకపోతే ఆయన్ని దేవుణ్ణి చేసి దండం పెట్టి మర్చిపోయేవాణ్ణి. చెప్పాడు కాబట్టే ఇన్నేళ్ళు గుర్తున్నాడు. నన్ను పిలిచి కూడా గెలుస్తాననుకున్నాడు. లెక్క తప్పింది, అంతే.

నేను టైం ఆఫీసులో చేరాను. పెళ్ళి కుదిరింది. ఎండలు ముదిరి, చివరి చెరుకు బండి వచ్చి, సైరన్ పొడుగ్గా మోగింది. సీజన్ వాళ్ళందరూ లైన్లో వచ్చి తమ నంబరు బిళ్ళలు అప్పగించి పోవాలి. ఆ బిళ్ళలు తీసుకునే పని నాదైంది. నిన్నటిదాకా నేనూ ఆ లైన్లో నిలబడ్డవాణ్ణే. అన్న వంతు వచ్చినప్పుడు నేను చెయ్యి చాచకుండా, ఆయన నంబరు వెతుకుతున్నట్టు రిజిస్టరులోకి తల వంచాను. ఆయన బిళ్ళను కిటికీ చెక్క మీద పెట్టి, పెళ్ళికి బూందీ చేయిస్తున్నావా, లడ్డూనా అని అడిగి పోయాడు. పెళ్ళికి రాలేదు. తునికాకు కోతలో ఉన్నాడు. నాకు ఆ రోజు ఏడుపొచ్చింది, పెళ్ళికొడుకు ఏడుస్తున్నాడని ఆడవాళ్ళు నవ్వారు.

మళ్ళీ చలికాలం వచ్చింది, ఆయనా వచ్చాడు. ఆ ఏడు పరుగు మా ఫ్యాక్టరీ వరకే పెట్టారు. ఆఫీసరు బుద్ధి తెచ్చుకుని జెండాలను వెదురు కర్రలకు కట్టించి నేలలో పాతించారు. నేను నిజం చెబుతున్నాను, ఆయన్ని గెలవనివ్వాలని అనుకోలేదు. అట్లా అనుకుంటే ఆయన మళ్ళీ నా ముఖం చూడడు. ఆ పరుగు కోసం తెల్లవారుజామునే లేచి, పెళ్ళాం చేత తిట్లు తిని మరీ తయారయ్యాను. ఎప్పటిలాగే ఎగిరి ముందుకు పోయాను. కాలువ కట్ట దిగిన చోట ఆయన నన్ను దాటాడు. నా దగ్గర ఉన్నదంతా తీసి ఉరికాను. ఆయన వీపు చిన్నదవుతూ పోయింది.

గీత దాటి నేను పడిపోయాను. లేచేసరికి ఆయన ఊపిరి తీసుకోవడం కూడా అయిపోయి, లోటాతో నీళ్ళు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నీళ్ళు నా చేతికిచ్చి, మేమిద్దరం ఉరికొచ్చిన మైదానాన్ని ఒకసారి చూశాడు.

"పోయినేడు గూడ మన నడుమ గింతే దూరం ఉంటుండె, తమ్మీ" అన్నాడు.

అవునన్నా అన్నాను.

ఆ ఏడు ఎక్కడా ఖాళీ లేదు. మర్నాడు పొద్దున సైరన్ మోగితే నేను టైం ఆఫీసుకు పోయాను, ఆయన పిప్పి ఎత్తడానికి పోయాడు.